పేయోలా అంటే లంచమేనా, తేడా ఏమైనా ఉందా?

రేపల్లె_రాగం అడిగిన ప్రశ్న:
అమెరికా రేడియో చరిత్ర మీద తెలుగులో ఓ వ్యాసం రాస్తున్నాను. చదివే ప్రతి చోటా "పేయోలా" అనే మాట తగులుతోంది. డిక్షనరీలో రహస్యంగా ఇచ్చే డబ్బు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. లంచం అని రాసేయొచ్చా? ఒకచోటేమో పేయోలా నేరం అంటారు, ఇంకోచోట డబ్బు తీసుకుని పాట వేయడం తప్పు కాదంటారు. రెండూ ఎలా కుదురుతాయో తెలియక టెన్షన్‌గా ఉంది. బ్రైబ్, కిక్‌బ్యాక్, హష్ మనీ అన్నీ ఉండగా ఈ మాట విడిగా ఎందుకొచ్చింది?

పాత_రికార్డు:
ఒట్టి లంచం అని రాస్తే సగం అర్థం పోతుందండీ. పే అన్న మాటకి విక్ట్రోలా తోకని తగిలించి పుట్టించారు, విక్ట్రోలా అంటే విక్టర్ కంపెనీ వాళ్ల గ్రామఫోను పెట్టె. అంటే పుట్టుకలోనే పాటల వ్యాపారం ఉంది. 1930లలోనే వాడుకలో ఉన్న మాట ఇది, అప్పట్లో మా పాట వాయించండని బ్యాండు నాయకులకి డబ్బు ముట్టజెప్పేవాళ్లు. 1950లకి వచ్చేసరికి ఆ డబ్బు రేడియోలో రికార్డులు వేసే డిస్క్ జాకీల దగ్గరికి మళ్లింది. ఎందుకంటే కొత్త రికార్డులు కుప్పలుగా వచ్చి పడుతుంటే ఏది గాలిలోకి వెళ్లాలో తేల్చేది వాళ్లే. అన్నిసార్లూ కవరులో నోట్లు పెట్టి ఇవ్వడం కాదు. రాక్ గాయకుడు చక్ బెర్రీ రాసిన మేబెలీన్ పాట (1955) రచయితల్లో అలన్ ఫ్రీడ్ అనే డిస్క్ జాకీ పేరు కూడా చేరింది, అంటే పాట ఎంత మోగితే అంత రాయల్టీ ఆయనకీ వెళ్తుంది. బెర్రీ ఆ హక్కు పూర్తిగా తిరిగి తెచ్చుకునేసరికి 1986 అయింది. పాట కట్టినవాడి కూడు లాక్కోవడమే అది, చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

గోదారి_ప్లీడరు:
మీ అసలు సందేహానికి జవాబు చట్టంలో ఉంది. 1960లో అమెరికా కాంగ్రెస్ కమిటీ దీనిమీద విచారణలు జరిపింది, ఓరెన్ హారిస్ అధ్యక్షుడు. 1960లోనే కమ్యూనికేషన్స్ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం డబ్బు తీసుకుని పాట వేయొచ్చు, కానీ ఆ సంగతి స్టేషన్‌కీ, స్టేషన్ ద్వారా శ్రోతలకీ చెప్పి తీరాలి. దాస్తే పది వేల డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. అందుకే మీకు రెండు రకాలుగా కనిపించింది, నేరమంతా దాచడంలో ఉంది.

ఫ్రీడ్ కేసు అంతకంటే పాత న్యూయార్క్ వాణిజ్య లంచాల చట్టం కింద నడిచింది. పేయోలా తీసుకోలేదని సంతకం పెట్టనందుకు 1959 నవంబరులో స్టేషన్ ఉద్యోగం ఊడింది, 1962లో నేరం ఒప్పుకుంటే పడిన జరిమానా 300 డాలర్లు. 1965లో 43 ఏళ్లకే పోయాడు. కాంగ్రెస్ కమిటీ విచారణకి వచ్చిన టీవీ వ్యాఖ్యాత డిక్ క్లార్క్‌కి ఎన్నో సంగీత కంపెనీల్లో వాటాలుండేవి, వాటిని వదులుకుని టీవీలో దశాబ్దాల పాటు వెలిగాడు. తీసుకున్నవాళ్ల పేర్లే అందరికీ గుర్తున్నాయి, ఇచ్చిన కంపెనీల సంగతి పెద్దగా ఎవరికీ గుర్తులేదు, ఇది మీ వ్యాసంలో తప్పక రావాలి.

మిగతా మాటలకీ తేడా సులువే. కాంట్రాక్టు బిల్లులోంచి కొంత ఆ కాంట్రాక్టు ఇప్పించినవాడికి వెనక్కి వస్తే కిక్‌బ్యాక్, మన పేపర్లు ముడుపులు అనేది దాన్నే. ఒక సంగతి బయట పెట్టకుండా నోరు మూయించడానికి ఇచ్చేది హష్ మనీ.

పాత_రికార్డు:
వాడుక గురించి ఇంకో మాట. ఇంగ్లీషులో దీన్ని డబ్బులాగా లెక్కపెట్టని నామవాచకంగానే వాడతారు, "మూడు పేయోలాలు" అనరు. పలికేటప్పుడు ఊనిక మధ్యలో, ఓ మీద పడుతుంది. ఇది పాతకాలపు మాట అనుకోకండి, 2005లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ విచారణ తర్వాత సోనీ బీఎంజీ అనే రికార్డు కంపెనీ కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అక్కడ స్టేషన్లకి చేరినవాటిలో విహార యాత్రలూ, ఎలక్ట్రానిక్ సామానూ కూడా ఉన్నాయి.

బెజవాడ_పాఠకురాలు:
మన పాఠకులకి చటుక్కున అర్థం కావాలంటే పెయిడ్ న్యూస్ గుర్తు చేయండి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు పుచ్చుకుని, ప్రకటన అని వేయకుండా వార్తలాగా అచ్చేశారన్న గొడవ మన రాష్ట్రంలోనూ గట్టిగానే లేచింది. దీనిమీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో వేసిన ఉపసంఘంలో కె. శ్రీనివాస్ రెడ్డి గారు ఒకరు. అక్కడ శ్రోత, ఇక్కడ పాఠకుడు, మోసం తీరు ఒకటే.

రేపల్లె_రాగం:
చాలా థ్యాంక్సండీ అందరికీ. పేయోలా మాటని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట "శ్రోతలకి చెప్పకుండా పాట వేయించుకోవడానికి ఇచ్చే డబ్బు" అని రాస్తాను. పెయిడ్ న్యూస్ పోలిక ఆ పక్క వాక్యంలోనే పెడతాను. ఇచ్చిన కంపెనీల మీద ఒక పేరా కొత్తగా కలుపుతున్నాను.