దీవుల వాళ్ళు ‘మేము వేరు’ అంటే చట్టం ఒప్పుకోవాలా?

తీరవాసి:

మొన్న ఒక చోట ఒకాయన అన్న మాట మనసులో ఉండిపోయింది. "దీవి అంటే చుట్టూ నీళ్ళున్న ఊరు, అంతేగా, మేము వేరు మేము వేరు అని ఈ గోల ఎందుకు" అన్నారు. నా అభిప్రాయం వేరు. దీవుల జనంలో ఈ భావన నీళ్ళ వల్ల పుట్టదు, తమ బతుకు మీద నిర్ణయాలు నీళ్ళకు అవతల కూర్చుని ఎవరో తీసుకోవడం వల్ల పుడుతుంది. కాబట్టి దాన్ని సెంటిమెంట్ అని కొట్టిపారేయకూడదు, భూమి, చేపలు, రవాణా లాంటి విషయాల్లో స్థానికులకు చట్టబద్ధంగా అధికారం ఉండాలి.

కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవి సంగతి చూడండి. కెనడాలో కలవకముందు దానికి సొంత ప్రభుత్వం ఉండేది, అప్పుల్లో కూరుకుపోయి 1934లో స్వపరిపాలన వదులుకుంది. 1948లో రెండు విడతలుగా ఓటింగ్ జరిగితే రెండో విడతలో కెనడాలో కలుద్దాం అన్నవాళ్ళు 52.3 శాతం, వద్దన్నవాళ్ళు 47.7 శాతం. అంత తక్కువ తేడాతో 1949లో కలిశారు. ఆ తర్వాత సముద్రంలో చేపల మీద అధికారం కెనడా రాజధాని ఒట్టావాకి వెళ్ళింది. 1980లలో ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవల మీద వేటాడేవాళ్ళు, కాడ్ చేప తగ్గిపోతోంది మొర్రో అని మొత్తుకుంటూనే ఉన్నారు, కేంద్ర శాఖ లెక్కల్లో మాత్రం చేప కావలసినంత ఉంది. చివరికి 1992 జూలైలో వేట మొత్తం ఆపేయాల్సి వచ్చింది, దాదాపు 30,000 మందికి పని పోయింది. వందల ఏళ్ళుగా ఆ చేప మీదే బతికిన జనం. వాళ్ళు "మెయిన్‌ల్యాండ్ వాళ్ళకి మా గురించి ఏం తెలుసు" అంటే అది ఒట్టి సెంటిమెంట్ ఎలా అవుతుంది?

ఎదురుప్రశ్న:

తీరవాసి గారూ, కాడ్ విషయంలో బాధ నిజమే, కానీ మీరు సగమే చెప్పారు. పెద్ద ట్రాలర్ల మీద, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్ళలో ఆ దీవి వాళ్ళూ ఉన్నారు. వేట తగ్గిస్తే ఉద్యోగాలు పోతాయన్న ఒత్తిడి అక్కడినుంచి కూడా వచ్చింది. తప్పు మొత్తం రాజధాని మీదకి తోసేయడం చాలా సులువు.

ఇంకో మాట. రాజధానికి దూరంగా ఉండి, తమ మాట చెల్లక నష్టపోయేది దీవుల వాళ్ళేనా? కొండల్లో, అడవుల్లో, సరిహద్దుల్లో ఉండేవాళ్ళ పరిస్థితీ అదే కదా. వాళ్ళకు లేని ప్రత్యేక హక్కు చుట్టూ నీళ్ళున్నంత మాత్రాన ఎందుకు?

పైగా ఒకసారి మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది? 1967లో బ్రిటన్ వాళ్ళు కరీబియన్ దీవులైన సెయింట్ కిట్స్, నెవిస్, ఆంగ్విల్లా మూడింటినీ కలిపి ఒక పాలన కింద పెట్టారు. ఆంగ్విల్లా వాళ్ళు సెయింట్ కిట్స్ పెత్తనం మాకొద్దని తిరగబడ్డారు. విడిపోవాలా అని ఓటు పెడితే 1,813 మంది అవునన్నారు, కాదన్నవాళ్ళు 5 మంది. తర్వాత నెవిస్ కూడా అదే దారి పట్టింది, 1998లో అక్కడ దాదాపు 62 శాతం విడిపోదాం అన్నారు, మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి ఆగిపోయింది. ఇక్కడ అసలు మెయిన్‌ల్యాండే లేదు! పక్క దీవి కాస్త పెద్దదైతే చాలు, అదే మెయిన్‌ల్యాండ్ అయిపోతుంది.

పటాలపిచ్చి:

ఎదురుప్రశ్న గారూ, మీరు చెప్పిన ఆంగ్విల్లా కథ నిజానికి తీరవాసి గారి వాదనకే బలం. ఆంగ్విల్లా వాళ్ళ అసలు గొడవ బ్రిటన్‌తో కాదు, బ్రిటన్ కింద నేరుగా ఉండటానికి వాళ్ళు సిద్ధమే, సెయింట్ కిట్స్ కింద మాత్రం వద్దు అన్నారు. 1969లో బ్రిటిష్ సైన్యం దిగింది, చివరికి 1980లో వాళ్ళు కోరుకున్నదే జరిగింది. ఇప్పటికీ అది బ్రిటన్ కిందే ఉంది. అంటే గొడవ జెండా గురించి కాదు, తమ మీద నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారన్న దాని గురించే.

నాకు పటాలంటే ఇష్టం కాబట్టి ఒక చిన్న సంగతి. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అవి చాలా దూరంగా ఉంటాయని, పటంలో చోటు కలిసొస్తుందని ఏళ్ళ తరబడి ఏదో ఒక మూల డబ్బాలో పెట్టి గీసేవారు. అక్కడివాళ్ళకి ఇది ఎంత మంట అంటే, 2018లో వచ్చిన దీవుల చట్టంలో దీని కోసం ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టించుకున్నారు. ప్రభుత్వ సంస్థలు పటం వేసేటప్పుడు షెట్లాండ్‌ని అసలు చోటులోనే చూపించాలి, అలా కుదరకపోతే కారణం చెప్పాలి. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. కానీ డబ్బాలో గీసిన పటం చూస్తూ పెరిగిన అధికారికి ఆ దీవికి ఓడ వెళ్ళడానికి రాత్రంతా పడుతుందని ఎలా తడుతుంది? ఆస్పత్రికైనా, గ్యాస్ సిలిండర్‌కైనా, చదువుకైనా ఆ దూరం దాటాల్సిందేనని ఎలా తడుతుంది? అదే చట్టంలో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. కొత్త విధానం ఏది తెచ్చినా దీవుల మీద దాని ప్రభావం వేరుగా ఉండే అవకాశం ఉంటే ముందే అంచనా వేయాలి. తీరవాసి గారు అడుగుతున్న చట్టబద్ధమైన చోటు ఇలాంటిదైతే నేను చేతులెత్తి ఒప్పుకుంటాను.

కొత్తసభ్యుడు:

అన్నా, నాదొక సూటి ప్రశ్న. ఇదంతా రాయితీల కోసం కాదా? కేనరీ దీవుల్లో ఉండేవాళ్ళకి స్పెయిన్ మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళే విమాన టికెట్ మీద 75 శాతం తగ్గింపు ఇస్తున్నారు. మేము వేరు అనడం, డబ్బు దగ్గరికి వచ్చేసరికి మీలో వాళ్ళమే అనడం, రెండూ ఎలా కుదురుతాయి? వంతెన కట్టేస్తే సరిపోదా?

పటాలపిచ్చి:

తమ్ముడూ, టికెట్ తగ్గింపుని దానంలా చూడకు. మెయిన్‌ల్యాండ్‌లో ఉన్నవాడికి ప్రభుత్వం రోడ్డు వేస్తుంది, ఆ రోడ్డు మీద వెళ్ళినందుకు రాయితీ తీసుకుంటున్నావని వాణ్ణి ఎవరూ అనరు కదా. దీవిలో ఉన్నవాడికి ఆ రోడ్డు బదులు ఓడో విమానమో.

వంతెన మాట ఎత్తావు కాబట్టి స్కై దీవి గురించి చెప్పాలి, అది కూడా స్కాట్లాండ్‌దే. 1995లో అక్కడ వంతెన తెరిచారు, ప్రైవేటు కంపెనీ కట్టింది. తెరిచాక అక్కడి ఫెర్రీ ఆపేశారు, వంతెన మీద టోల్ మాత్రం భారీగా పెట్టారు. జనం టోల్ కట్టమని మొండికేశారు. కేసులు పడ్డాయి, చాలామంది మీద నేరస్థులన్న ముద్ర పడింది, అయినా తగ్గలేదు. చివరికి 2004 డిసెంబరులో టోల్ ఎత్తేశారు. వంతెన వచ్చింది కాబట్టి వాళ్ళు మెయిన్‌ల్యాండ్‌లో కలిసిపోయారా అంటే, ఆ పోరాటంతో దీవి వాళ్ళమన్న భావన ఇంకా గట్టిపడింది.

కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌ది ఇంకో తీరు. 1988లో వంతెన కావాలా అని జనాన్నే అడిగారు, 59 శాతానికి పైగా కావాలన్నారు. 1997లో దాదాపు 13 కిలోమీటర్ల వంతెన తెరిచారు. అక్కడ స్కైలో లాంటి పోరాటం జరగలేదు. ముందు అడిగి కట్టడానికీ, కట్టి నెత్తిన పెట్టడానికీ ఉన్న తేడా అది.

ఎదురుప్రశ్న:

పటాలపిచ్చి గారూ, ముందే అంచనా వేయడం, ముందే అడగడం, వీటితో నాకు పేచీ లేదు. నా భయం అంతా హక్కుల దగ్గరే. స్థానికుడికి హక్కు అనగానే స్థానికుడు ఎవరు అన్న ప్రశ్న వస్తుంది, అసలు గొడవ మొదలయ్యేది అక్కడే.

అండమాన్ తీసుకోండి. 1858లో బ్రిటిష్ వాళ్ళు ఖైదీల స్థావరం పెట్టారు. ఆ ఖైదీల వారసులు, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ శరణార్థులు, పని కోసం వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, రాంచీ వైపు నుంచి వచ్చిన ఆదివాసీలు అందరూ అక్కడ హిందీలో కలుస్తారు, మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చేవాళ్ళ దగ్గర మేము దీవి వాళ్ళం అంటారు. ఆ భావన అబద్ధమని నేను అనడం లేదు. కానీ వేల ఏళ్ళుగా అక్కడే ఉన్న జరావాలు, ఓంగేలు, గ్రేట్ అండమానీలు, సెంటినలీలు ఎక్కడ? జరావాల అడవి గుండా వేసిన ట్రంక్ రోడ్డు విషయం చూడండి. ఆ రోడ్డులో కొన్ని భాగాలు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ఉండాలన్న వాదన అక్కడ స్థిరపడ్డవాళ్ళ అవసరాల పేరుతోనే నడిచింది. దీవి వాళ్ళ అవసరం అని ఒక గుంపు మాట్లాడితే, అసలు దీవి వాళ్ళ అడవికే ఎసరు వచ్చింది. ఇలాంటి చోట మీరు అడిగే చట్టం ఎవరి చేతికి అధికారం ఇస్తుంది?

పసిఫిక్‌లో ఫ్రాన్స్ కింద ఉన్న న్యూ కాలెడోనియాలో 1998 ఒప్పందం ప్రకారం ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ప్రాంతీయ ఎన్నికల్లో ఓటు లేకుండా చేశారు. అక్కడి మూలవాసులైన కనక్ జనం తమ నేల మీద తమ ఓటు బలం ఇంకా తగ్గిపోతుందన్న భయంతో పెట్టించుకున్న షరతు అది. పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళకి ఓటు ఇద్దామని 2024లో పారిస్ ప్రయత్నించగానే దీవి తగలబడింది, ప్రాణాలు పోయాయి. ఇటు చూస్తే అక్కడే పుట్టి పెరిగి పన్ను కడుతున్నా ఓటు లేనివాళ్ళున్నారు, అటు చూస్తే నేల పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తీరవాసి గారూ, వీళ్ళలో ఎవరి పక్షం మీరు?

తీరవాసి:

తప్పించుకోకుండా చెబుతాను. న్యూ కాలెడోనియాలో నేను కనక్‌ల పక్షం. వలస పాలనలో వాళ్ళ భూములు లాక్కుని, వాళ్ళని రిజర్వుల్లోకి తోసి, బయటివాళ్ళని తెచ్చి నింపి, ఆ తర్వాత అందరికీ సమాన ఓటు అంటే అది సమానత్వం కాదు. అండమాన్‌లోనూ అంతే, జరావాల్లాంటి అక్కడి ఆదివాసీల మాట ముందు, మిగతావాళ్ళ మాట తర్వాత. అక్కడ మీరు చెప్పింది నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను, నా వాదన ఆదివాసీల నెత్తిన కూర్చునే వాళ్ళ కోసం కాదు.

కానీ కొండలు, అడవులు కూడా దూరమే కదా అన్నారు. ఒకినావా చూడండి. ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యం, 1879లో జపాన్ కలిపేసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌కి స్వాతంత్ర్యం తిరిగి వచ్చినా ఒకినావాని అమెరికా చేతిలో వదిలేశారు, 1972 దాకా. ఇప్పటికీ జపాన్ భూభాగంలో 0.6 శాతం ఉన్న ఆ చోట, జపాన్‌లోని అమెరికా సైనిక స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం ఉంది. హెనోకో దగ్గర సముద్రం పూడ్చి కొత్త స్థావరం కట్టడం మీద 2019 ఫిబ్రవరిలో ఓటు పెడితే దాదాపు 72 శాతం వద్దన్నారు. పని ఆగలేదు. మెయిన్‌ల్యాండ్‌లో ఎవరూ తమ పక్కన పెట్టుకోవడానికి ఇష్టపడని బరువుని సముద్రం దాటించి పెట్టడం సులువు. దీవి కంటికి కనబడదు, ఓట్లు తక్కువ. జైళ్ళు దీవుల్లో పెట్టారు, అణు పరీక్షలు దీవుల్లో చేశారు, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళని దీవుల్లో నిర్బంధించారు. కొండప్రాంతాలకీ అన్యాయం జరుగుతుంది, కాదనను. వాళ్ళకీ హక్కులు ఇవ్వండి, కానీ వాళ్ళకి ఇవ్వలేదు కాబట్టి వీళ్ళకీ వద్దు అనడం ఏం న్యాయం?

ఇక స్థానికుడు ఎవరు అన్నదానికి ఓలాండ్ ఒక దారి చూపించింది. ఫిన్లాండ్ కింద ఉన్న స్వీడిష్ మాట్లాడే దీవులు. స్వీడన్‌లో కలుస్తామని అడిగారు, 1921లో నానాజాతి సమితి ఫిన్లాండ్‌కే ఇచ్చింది, కానీ భాషకీ భూమికీ రక్షణ పెట్టి. అక్కడ నివాస హక్కు ఉంటేనే ప్రాంతీయ శాసనసభకి ఓటు, ఆంక్షలు లేకుండా భూమి కొనే వీలు. బయటి నుంచి వచ్చిన ఫిన్లాండ్ పౌరుడు ఐదేళ్ళు అక్కడ ఉండి, స్వీడిష్ వస్తే ఆ హక్కు పొందొచ్చు. ఆ దీవిలోనే పుట్టినవాడు ఐదేళ్ళకు మించి బయట ఉంటే అదే హక్కు పోతుంది. అంటే రక్తం చూడటం లేదు, ఉండటం చూస్తున్నారు.

ఎదురుప్రశ్న:

ఓలాండ్ ఉదాహరణ బాగుంది, రక్తం మీద కాకుండా నివాసం మీద హక్కు ఉంటే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. హవాయిలో పూర్వీకులు ఎవరన్నదాన్ని బట్టి ఓటు పెడితే 2000లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఆ చిక్కు ఇక్కడ రాదు. కానీ ఆ కొట్టేసిన ఓటు హవాయి మూలవాసుల సంక్షేమం చూసే సంస్థ ట్రస్టీల కోసం. నివాసమే కొలమానం అయితే ఆ మూలవాసులకి మిగిలేది ఏమిటి? మీరు కనక్‌ల పక్షం అన్నారు, ఓలాండ్ పద్ధతి మంచిదన్నారు. న్యూ కాలెడోనియాలో పదేళ్ళ నివాసం పెడదామన్నది ఓలాండ్ పద్ధతికి దగ్గరగా ఉన్నదే, దాన్నే మీరు వద్దంటున్నారు.

పటాలపిచ్చి:

ఈ చిక్కు నిజమే, ఇద్దరూ చెప్పింది చదివాక నాకు అనిపిస్తున్నది ఒకటి. ఓలాండ్‌లో నివాస హక్కు పనిచేయడానికి కారణం దానికి 1921లోనే, అక్కడివాళ్ళే మెజారిటీగా ఉన్నప్పుడే పునాది వేయడం. జనం నిండిపోయి, భూములు చేతులు మారిపోయాక పెడితే అదే నియమం మూలవాసుల్ని ఓడించే పరికరం అవుతుంది. కాబట్టి ఒకటే చట్టం అన్ని దీవులకీ పనికొస్తుందని నేను అనుకోవడం లేదు. భూములు చేతులు మారని చోట ఓలాండ్ పద్ధతి ఇప్పుడే పెట్టాలి. మారిపోయిన చోట ముందు భూమి లెక్క తేలాలి, ఓటు నియమాలు ఆ తర్వాత.

తీరవాసి:

ఎదురుప్రశ్న గారూ, మీరు పట్టుకున్నది సరైన చోటే, నేను రెండు వేరు వేరు దీవులకి ఒకే కొలత వాడలేను. పటాలపిచ్చి గారు చెప్పిన భూమి లెక్క ముందు అన్న మాటకి నేను సరే. ఆ లెక్క తేల్చేది ఎవరు, రాజధానిలో వేసిన కమిటీయా లేక దీవిలోనే కూర్చునే కమిటీయా, దాని మీద మీరేమంటారో చెప్పండి.