కెమెరాలోని లైట్ మీటరు సూదిని నమ్మొచ్చా?

పెన్నాగట్టు:
అన్నలకు నమస్తే. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా చిన్నాయన ట్రంకుపెట్టెలో పడి ఉన్న పెంటాక్స్ కే1000 రీలు కెమెరా నా చేతికొచ్చింది. కొత్త ఎల్ఆర్44 సెల్లు వేస్తే లోపల వెలుతురు కొలిచే మీటరు సూది కదిలింది. 200 స్పీడు కలర్ రీలు వేసి గండికోటలో సగం, ఇంటికాడ సగం తీసినా. ప్రతిసారీ సూదిని నడిమధ్యకు తెచ్చే నొక్కినా, ఒట్టు. బెంగుళూరుకు పంపి కడిగించి తెప్పిస్తే 36లో 20 బాగున్నాయి, మిగతావన్నీ మసి. పెన్నా లోయ బొగ్గులాగ, పైన ఆకాశం మాత్రం మెరిసిపోతా ఉంది.

అన్నిటికంటే బాధ మా అవ్వ ఫోటో. అరుగు మీద నీడలో నావైపు తిరిగి కూర్చుంది. నేను గడపలో నిలబడి తీసినా. ఆమె వెనకాల వీధికి అవతల ఎదురింటి సున్నం గోడ, మిట్టమధ్యాహ్నం ఎండలో. గోడ బ్రహ్మాండంగా వచ్చింది. అవ్వకు కన్నేదో ముక్కేదో తెలీదు. చూసి "ఇది నేను కాదు, యాడిదో దయ్యం" అని పక్కన పడేసింది. మీటరు చెడిపోయిందా, నేనే చెడగొట్టినానా?

జొన్నరొట్టె:
సెల్లు. పాత కెమెరాలకు 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు ఉండాలి. ఇప్పటి 1.5 వోల్టులది వేస్తే సూది అబద్ధం చెప్తాది. నా యాషికా మ్యాట్ 124జీతో ఇదే గోస పడినా.

బురుజు_కర్నూలు:
ముందు నెగటివ్‌ను కిటికీకి పట్టి చూడు తమ్ముడూ. స్కాన్ చూసి ఏమీ చెప్పలేం. అవ్వ ముఖం ఉన్న చోట ఉత్త అద్దంలాగ ఉంటే అక్కడ వెలుతురే పడలేదని అర్థం. ఏదో కొంచెం గీతలు కనిపిస్తే ల్యాబువాడు ముఖాన్ని కొంచెం వెలుతురుగా తేల్చి ఇవ్వొచ్చు.

స్టూడియోమామ_పొద్దుటూరు:
నాయనా, ఆ సూదిని నమ్మినోడు బాగుపడింది లేదు. నేను 30 ఏండ్లు స్టూడియో నడిపినాను. రీలు డబ్బాలో ఒక కాగితం వచ్చేది, సూర్యుని బొమ్మ, మబ్బు బొమ్మ వేసి. 200 స్పీడుకు నిండు ఎండలో లెన్సు కన్నం ఎఫ్16, షట్టరు 1/250 సెకను. నీడలోకి పోతే కన్నం పెద్దది చేసి ఎఫ్5.6. ఇంగేముండాది నేర్చుకునేది? మన సీమ ఎండ నిన్న ఒక రకం, ఈ పొద్దు ఒక రకం ఉంటాదా? కన్నుకు అలవాటు చెయ్యి. సూది చూస్తా కూర్చుంటే పెండ్లికొడుకు తాళి కట్టేసి భోజనానికి పోతాడు.

అనంత_మాస్టారు:
మామగారూ, ఆ కాగితం నిండు ఎండకు బంగారం లాంటిది, కాదనను. కానీ గండికోటలో పొద్దు గుంకేటప్పుడు అయిదు నిమిషాలకు ఒకసారి వెలుతురు పడిపోతా ఉంటుంది. బెలుం గుహల్లోకి దిగితే ఏ బొమ్మ చూస్తారు?

ఆ అబ్బాయి మీటరు చెడిపోలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. లెన్సులో నుంచి లోపలికి వచ్చిన వెలుతురు మొత్తాన్ని కలిపి చూసి, ఇదంతా సగటున నడిమి బూడిదరంగు అనుకుంటుంది. 18 శాతం బూడిద అని పుస్తకాల్లో రాసేది దాన్నే. తెల్ల గొర్రెను ఫ్రేము నిండా పెట్టి సూదిని మధ్యకు తెండి. తర్వాత నల్ల ఎనుమును పెట్టి అదే చెయ్యండి. రెండూ ఒకే బూడిదరంగులో వస్తాయి. కే1000 అయితే ముఖం ఒక్కటే చూసే రకం కూడా కాదు, దాదాపు ఫ్రేమంతా చూస్తుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం సున్నం గోడ అయితే అది గోడ మాటే వింటుంది.

తమ్ముడూ, ఆ ఫోటోకు ఏం పెట్టినావో గుర్తుందా?

పెన్నాగట్టు:
చిన్న నోటుబుక్కులో రాసుకున్నా సార్. ఎఫ్16, 1/500.

అనంత_మాస్టారు:
చూడండి. నీడలో ఉన్న ముఖానికి మామగారు చెప్పిన ఎఫ్5.6, 1/250 సరిపోయేది. అపెర్చర్‌లో, అంటే లెన్సు కన్నంలో, మూడు స్టాపులు, షట్టర్‌లో ఒకటి, మొత్తం నాలుగు స్టాపులు తక్కువ పడింది. ఒక్కో స్టాపుకు వెలుతురు సగం అయిపోతుంది. అంటే ముఖానికి కావలసిన వెలుతురులో పదహారో వంతు. అవ్వ దగ్గరికి పోయి, ముఖమే ఫ్రేము నిండేట్టు పట్టి, సూదిని సరిచేసి, ఆ నంబర్లు కదపకుండా మళ్ళీ గడపకాడికి వచ్చి తీసుంటే అయిపోయేది. ఇది మాన్యువల్ కెమెరా, పెట్టిన నంబరు దానంతట అది మారదు.

స్టూడియోమామ_పొద్దుటూరు:
నేను చెప్పిన నంబరుకే కదప్పా వచ్చినావు చివరికి? సూది లేకుండానే చెప్పినా ఆ నంబరు.

జొన్నరొట్టె:
సెల్లు సంగతి ఎవరూ మాట్లాడరేం?

బురుజు_కర్నూలు:
కే1000కు మెర్క్యురీ సెల్లు అక్కర్లేదు సామీ. అది 1976లో వచ్చింది, మొదటి నుంచీ 1.5 వోల్టుల సెల్లుకే చేసినారు. నీ యాషికా కథ వేరే. ఇంకో మాట, కే1000 మీటరుకు ఆపే బటను లేదు. లెన్సుకు మూత పెట్టకపోతే సెల్లు తాగేస్తా ఉంటాది.

జొన్నరొట్టె:
అట్లయితే మూత పెట్టలేదు. సెల్లు అయిపోయింటాది. నేను చెప్పింది సెల్లు గురించే కదా.

అనంత_మాస్టారు:
కళ్ళద్దాల సంగతి కూడా చూసుకో తమ్ముడూ, అవి ఉంటే కన్ను కెమెరాకు సరిగ్గా ఆనదు. ఈ కెమెరాలో వెలుతురు కొలిచే కణాలు మనం కన్ను పెట్టే కిటికీకి దగ్గరగా ఉంటాయి. ఎండ వీపు మీద పడుతుంటే వెనక నుంచి కూడా వెలుతురు దూరి సూది పైకి లేస్తుంది. అవి కాడ్మియం సల్ఫైడ్ కణాలు, మొండివి. కాసేపు ఎండను చూసినాయంటే వెంటనే నీడకు తిప్పినా పాత వెలుతురు మరిచిపోవు. కొంచెంసేపు ఆగి చూడాలి.

స్టూడియోమామ_పొద్దుటూరు:
ఇన్ని రోగాలుండే దాన్ని నమ్మమంటావు!

నేను కూడా ఒకప్పుడు నమ్మినాను, చెప్తా విను. తొంభైల్లో, కొత్త కెమెరా, లోపల మీటరు. మా ఊరి దగ్గరే పగటి పెండ్లి. పందిట్లో తాటాకుల సందుల్లోంచి ఎండ. మధుపర్కాలు కట్టుకొని ఇద్దరూ పీటల మీద, తలంబ్రాలు. సూది మధ్యలో ఉండాది, నేను గుడ్డిగా నొక్కినాను. మధుపర్కాలు బూడిద పూసినట్టు, ముఖాలు ఇంకా నలుపు. పెండ్లికూతురు నాయన ఆల్బం విసిరికొట్టి "మా పిల్ల ఇంత నల్లగా ఉంటాదా?" అన్నాడు. బాకీ డబ్బులు ఇప్పటిదాకా ఇయ్యలే. ఆ రోజు నుంచి ఏం చూపించినా ఒక స్టాపు ఎక్కువే ఇచ్చినాను, ప్రింటు కూడా తేటగా తీయమని చెప్పినాను. ఎవరూ ఆల్బం విసరలే. మీరు కాలేజీలో బూడిద చెక్క పెట్టుకొని పాఠం చెప్తారు. మాకు ఫోటో తీసుకుపోయినోడు డబ్బులిస్తేనే కూడు.

అనంత_మాస్టారు:
తెల్ల మధుపర్కాలకు ఒకటిన్నర, రెండు స్టాపులు కలపాల్సింది. అది మీటరు తప్పెట్లయితాది? తక్కెడలో రాయి ఎంత బరువుందో తెలియకుండా తూచి తక్కెడను తిడితే ఎట్లా?

స్టూడియోమామ_పొద్దుటూరు:
తిట్టడం కాదు. నువ్వు ఎప్పుడన్నా పెండ్లికి తీసినావా? ఒక్కటన్నా?

అనంత_మాస్టారు:
తీయలేదు. మా ఇంట్లో ఒకటి చెడిపోయింది మాత్రం చూసినాను.

మా అక్కకు పెళ్ళిచూపుల ఫోటో ఒక స్టూడియోలో తీయించినారు, ఏ ఊరో ఎందుకులెండి. మా అక్క చామనచాయ కంటే నలుపు, మా అమ్మ రంగు. స్టూడియోవాడు వెలుతురు గుమ్మరించి, ప్రింటు తేటగా తీసి, పాలమీగడ లాగా చేసి ఇచ్చినాడు. అబ్బాయివాళ్ళు ఫోటో చూసి మెచ్చుకొని వచ్చినారు. నడవలో కూర్చొని, కాఫీ తాగతా, ఫోటో చూడ్డం, అక్కను చూడ్డం, మళ్ళీ ఫోటో చూడ్డం. తర్వాత కబురు చేస్తామని పోయినారు, కబురు రాలే. మా అక్క ఆ ఫోటో నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. మీరు "ఒక స్టాపు ఎక్కువే" అని గొప్పగా రాస్తుంటే నాకు అది గుర్తొస్తుంది మామగారూ.

బురుజు_కర్నూలు:
మాస్టారూ, సూటిగా ఒక మాట. నెగటివ్‌కు ఒక స్టాపు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన మనిషి తెల్లబడదు. కలర్ నెగటివ్ ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటాది, ప్రింటులో సరిచెయ్యొచ్చు. తక్కువైతేనే ప్రాణం పోతాది. నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే స్లయిడు రీలుతో అట్లా కుదరదు, అర స్టాపు తేడా వచ్చినా పట్టిస్తాది. మీ అక్క ఫోటో చెడిపోయింది ప్రింటు దగ్గర, మీటరు దగ్గర కాదు.

అనంత_మాస్టారు:
ప్రింటు దగ్గరే. తెలుసు. మీటరు గురించి నాకు కోపం లేదు.

స్టూడియోమామ_పొద్దుటూరు:
అయితే నా మీదనా?

నువ్వు చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టు తీసి ఇస్తే ఆ పిల్లను చూసేదానికే ఎవరూ రారు. లోకం చూపు అట్ల ఉండాది. స్టూడియో గడప తొక్కిన ప్రతి ఆడమనిషీ చెవిలో చెప్పేది ఒక్కటే, "అన్నా, కొంచెం తెల్లగా రానీ" అని. నేను చెప్పించుకున్నాను, చేసినాను. తప్పంటే తప్పే అనుకో. కానీ బూడిదరంగు పేరు చెప్పి నన్ను దొంగను చెయ్యొద్దు.

అనంత_మాస్టారు:
దొంగ అనలేదు. అడిగినవాళ్ళకు చేసినారు, సరే. మా అక్కను ఎవరూ అడగలేదు.

జొన్నరొట్టె:
ఇది వేరే టాపిక్ అయిపోయింది.

పెన్నాగట్టు:
మీరందరూ గొడవ పడతా ఉంటే నేను నెగటివ్ కిటికీకి పట్టి చూసినా. బురుజు అన్న చెప్పినట్టే, అవ్వ ముఖం కాడ ఏమీ లేదు, అవతలి చెట్టు కనిపిస్తా ఉంది దాంట్లోంచి. అవ్వ పక్కన నిలబడి "దీంట్లో నేను లేనా?" అనింది. లేవు అన్నా.

ఈ పొద్దు మళ్ళీ తీద్దామని కొత్త రీలు వేసినా. మాస్టారు చెప్పినట్టు ముఖం దగ్గరికి పోయి చూసి ఎఫ్5.6 దగ్గర ఆపి, పిలిచినా. లోపలికి పోయి అరగంట తర్వాత వచ్చింది. ఉగాదికి తీసిన చీర, ముఖం నిండా పౌడరు, చెవుల దాకా. నలుపు తెలుపు గీతలు పడినట్టు ఉండాది. పౌడరు తుడుచుకో అంటే వినదు, "మళ్ళీ దయ్యంలాగ వస్తే ఎట్లా" అంటాది. ఇప్పుడు అరుగు మీద కూర్చొని ఎదురుచూస్తా ఉంది. పౌడరుకు ఎన్ని స్టాపులు కలపాల? తొందరగా చెప్పండి, ఎండ పోతాది.

స్టూడియోమామ_పొద్దుటూరు:
అర స్టాపు కలుపు నాయనా. అవ్వ సంతోషపడతాది.

అనంత_మాస్టారు:
ఏమీ కలపొద్దు. పౌడరు పూసిన ముఖాన్నే మళ్ళీ చూడు, సూది ఎక్కడుంటే అక్కడే.

జొన్నరొట్టె:
అంతసేపు లెన్సుకు మూత పెట్టినావా లేదా?