దడ లేదు, ఆయాసం లేదు. ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పై గదులు లయ తప్పి వణకడం) ఉందంటే బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) వేసుకోవాల్సిందేనా?

నాడి:
ఏ ఇబ్బందీ లేని మనిషికి వాచీలోనో పేస్‌మేకర్‌లోనో ఏఎఫ్ బయటపడింది. జీవితాంతం మందు వెయ్యాలా? తొందర వద్దంటాను. 2023లో వచ్చిన నోవా అనే ట్రయల్‌లో ఎడాక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్ ఇచ్చినా పక్షవాతం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది.

లయ:
ఈసీజీలో పడ్డ ఏఎఫ్‌నీ, పరికరంలో మాత్రమే కనిపించినదాన్నీ ఒకే గాటన కట్టకండి. నోవాలో తీసుకున్నది ఈసీజీలో ఏఎఫ్ ఎన్నడూ పడనివాళ్లని. పేస్‌మేకర్ లాంటి పరికరంలో మాత్రమే ఆరు నిమిషాలో అంతకు మించో నమోదైంది. ఈసీజీలో ఏఎఫ్ 30 సెకన్లు పడితే లెక్క వేరు, అక్కడ దడ ఉందా లేదా అని చూడరు. పై గదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు వణుకుతున్నా కింది గదులు 80 దగ్గరే కొట్టుకుంటే మనిషికేమీ తెలియదు. కానీ ఎడమ పై గదికి ఆనుకున్న సంచిలో రక్తం నిలిచిపోతూనే ఉంటుంది, గడ్డ కట్టేది అక్కడే.

చూడాల్సింది పక్షవాతం ముప్పును లెక్కగట్టే స్కోరు. బీపీ, షుగరు, గుండె వైఫల్యం, రక్తనాళాల జబ్బు, 65–74 ఏళ్ల వయసు ఒక్కోదానికి 1. వయసు 75 నిండినా, ఇదివరకు పక్షవాతం వచ్చినా 2. మొత్తం 2 వస్తే మందు వెయ్యాల్సిందే, 1 అయితే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

నాడి:
ముందు అది ఏఎఫ్ అవునో కాదో తేలాలి కదా. వాచీలోని పచ్చలైటు చూసేది నాడిని, ఈసీజీని కాదు. మధ్యలో ముందుగా పడే అదనపు బీట్లకూ హెచ్చరిక రావచ్చు. ఈసీజీ చేతికొచ్చాక తెల్లకాగితం అంచున వరసగా నాలుగు ఆర్ శిఖరాలకు (ప్రతి బీటుకూ పడే పొడవాటి గీతలకు) గుర్తులు పెట్టి పక్కకి జరపండి. అదనపు బీటయితే ఆ ఒక్కచోటే తప్పి మిగతావి కలుస్తాయి. ఏఎఫ్‌లో ఎక్కడా కలవవు, పీ తరంగమూ (ఆ శిఖరానికి ముందు వచ్చే చిన్న గుబ్బ) ఉండదు. అయినా చివరిమాట కార్డియాలజిస్టుదే.

గుళిక:
మందు మొదలెట్టాక జరిగే తప్పులు చెబుతాను. చాలామంది ఆస్పిరిన్ చాలనుకుంటారు, ఈ గడ్డల్ని అది సరిగా ఆపలేదు. బ్లడ్ థిన్నర్లలో అపిక్సబాన్ అయితే 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కిలోలు లేదా ఆలోపు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.5 లేదా ఆపైన, ఈ మూడింట్లో రెండుంటేనే పూటకు 2.5 మి.గ్రా.కి తగ్గించాలి. భయంతో ఊరికే తగ్గిస్తే రక్షణ పోతుంది. రివరాక్సబాన్ 20 మి.గ్రా. భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటపట్టదు. డాబిగట్రాన్ గుళికను విప్పి పొడి మింగకూడదు. మైట్రల్ కవాటం (గుండె ఎడమ గదుల మధ్య ఉండేది) బాగా మూసుకుపోయినా, లోహపు కవాటం ఉన్నా ఈ మందుల్లో ఏదీ పనికిరాదు, పాత బ్లడ్ థిన్నర్ వార్ఫరినే వాడాలి. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ కలిపారంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మొదలెట్టే ముందు హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చూడాలి, బీపీ అదుపులోకి తేవాలి.

నాడి:
ఈసీజీలో పడ్డవాళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. పరికరంలోనే దొరికి, ఏ ఎపిసోడూ 24 గంటలు దాటనివాళ్ల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. ఇలాంటివాళ్ల మీదే చేసిన ఆర్టీసియా ట్రయల్‌లో అపిక్సబాన్ పక్షవాతాన్ని తగ్గించింది నిజమే, పెద్ద రక్తస్రావాలూ పెరిగాయి.

లయ:
అందులోనే ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లకు లాభం బాగా ఎక్కువ. వాళ్లకి ఆపొద్దు. మిగతావాళ్లకి ప్రతి చెకప్‌లో ఎపిసోడ్ ఎంతసేపు ఉంటోందో చూడండి, నిడివి పెరుగుతూ పోతుంటే మళ్లీ లెక్క వెయ్యండి.