నీటి చుక్కలో కనిపించే పువ్వు మీద ఫోకస్ కుదరడం లేదు, ఏం చేయాలి?

వాన వెలిశాక మొక్కల మీద నిలిచిన చుక్కల్ని మాక్రోలో (బాగా దగ్గర నుంచి, పెద్దగా కనిపించేలా) తీసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నా దగ్గర 100 ఎంఎం మాక్రో లెన్స్ ఉంది. గడ్డిపరక కొసన వేలాడే చుక్కలో వెనకున్న పువ్వు తలకిందులుగా కనిపిస్తుంది కదా, నాకు కావాల్సింది ఆ బొమ్మే. చుక్క అంచు మీద ఫోకస్ చేస్తే లోపలి పువ్వు మసకేస్తోంది. పువ్వు మీద చేస్తే గడ్డిపరక పోతోంది.

1:1 దగ్గర, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీసేటప్పుడు, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కి చిన్నది చేసినా స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరు పైచిలుకు లోతే. ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెళ్లే కాంతి చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తగా వస్తోంది. ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోల్ని ఒకటిగా కలపడం) చేద్దామంటే గాలి ఊరుకోదు. ఫ్లాష్ వేస్తే చుక్క మీద తెల్లటి మచ్చ, అదీ సరిగ్గా పువ్వు మీదే! డిఫ్యూజర్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తెర) పెట్టినా మచ్చ పలచబడింది తప్ప పోలేదు.

చేమాకు మీద చుక్కలతో ఈ తంటా లేదు. ఆకు తడవదు కాబట్టి గుండ్రంగా, ముత్యాల్లా నిలుస్తాయి. కాకపోతే పైనుంచి తీస్తే వాటిలో కనిపించేది ఆకాశమే, పువ్వు కాదు.

కొంచెం వెనక్కి జరిగి 1:2లో (సగం సైజులో) తీసి, తర్వాత క్రాప్ చేసుకోవడం మేలా? ఫ్లాష్‌ను చుక్క మీద కాకుండా వెనక పువ్వు మీదికి తిప్పితే మచ్చ తప్పుతుందా? అలా తీసినవాళ్లు సెట్టింగ్స్‌తో సహా చెబితే బాగుంటుంది. స్ప్రే బాటిల్, గ్లిజరిన్ చిట్కాలు మాత్రం వద్దండీ, వాన చుక్కలతోనే తీయాలని ఉంది.