ల్వీవ్‌లో రెండు రోజులు: ఏం చూడాలి, ఏం తినాలి?

క్రాకో_కుర్రాడు:
పోలండ్ వచ్చి మూడేళ్లయింది, సరిహద్దు అవతలే ఉన్న ఉక్రెయిన్ ఊరు ల్వీవ్ మాత్రం చూడలేదు. యుద్ధం ఆగాక మొదటి ట్రిప్ అక్కడికే, ఇప్పట్నుంచే రాసిపెట్టుకుంటున్నా. పాత ఊరు రెండు రోజుల్లో అవుతుందా? ఆపెరా హౌస్ లోపల చూడాలంటే షోకి టికెట్ కొనాల్సిందేనా? శ్మశానానికి కూడా టికెట్ ఉందంటున్నారు, నిజమేనా? అన్నిటికన్నా ముఖ్యం, మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. ఏం తింటుంది?

పాత_మెడికో:
ఆరేళ్లు ల్వోవ్‌లో చదివినోణ్ని, నా మాట వినండి. పాత ఊరంతా నడకే. రీనోక్ స్క్వేర్‌లో టౌన్ హాల్ గోపురం ఎక్కండి. మెట్లు నాలుగొందల పైనే, అలిపిరి నుంచి ఎక్కినవాళ్లకి అదో లెక్క కాదు. తిండికి బెంగే వద్దు, బానోష్ చెప్పండి. మన సంకటే, రాగికి బదులు మొక్కజొన్న. ప్యూర్ వెజ్.

సీమపిల్ల:
ప్యూర్ వెజ్జా? ఆరేళ్లూ కళ్లు మూసుకుని తిన్నారా అన్నా? దాని మీద చీజ్‌తోపాటు గోధుమరంగులో కరకరలాడే ముక్కలు చల్లుతారే, ష్క్వార్కి, అవి పంది కొవ్వు వేయించినవి. నేను వేయించిన ఉల్లిపాయలనుకుని రెండు స్పూన్లు తిన్నాక రూమ్మేట్ చెప్పింది. ఆ రాత్రి అమ్మతో గంటసేపు మాట్లాడా, ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ చెప్పా.
ఇంకోటి, దాన్ని సంకటి అనొద్దు. సంకటంటే చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టాలి, పులుసులో అద్ది మింగాలి. బానోష్‌ని పుల్లటి మీగడలో ఉడికిస్తారు, వెన్న పైకి తేలేదాకా కలుపుతూనే ఉంటారు. ముద్ద కట్టండి చూద్దాం.

ఓరుగల్లు_పోరడు:
సంకటి కాదు సరే, మరి మక్క గట్క అనొచ్చు కదా? మా అవ్వ చేసేది అచ్చం గట్లనే ఉంటది.

సీమపిల్ల:
మీ అవ్వ గట్కలో లీటరు మీగడ పోసేదా?

ఓరుగల్లు_పోరడు:
మజ్జిగ పోసేది. అవ్వ జోలికి రాకండి మేడమ్.

కియివ్_అనండి:
సంకటి తర్వాత చూద్దాం, ముందు ‘ల్వోవ్’ ఏంటండీ పాత_మెడికో గారూ? అది రష్యన్ పేరు. ఆ ఊళ్లో రష్యన్‌లో స్పసీబో (థాంక్స్) అంటే మొహం తిప్పుకునే రోజులివి. ఉక్రెయిన్ భాషలో ద్యాకుయు అనండి, చాలు.

పాత_మెడికో:
మా బ్యాచ్ అంతా అలాగే పిలిచేవాళ్లం, ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆరేళ్లున్న నాకు పాఠాలొద్దు. ష్క్వార్కి వద్దంటే వెయ్యరు, నేనెప్పుడూ అడిగే తీసేయించేవాణ్ని.

సీమపిల్ల:
మరి ‘ప్యూర్ వెజ్’ అని రాసినప్పుడు ఆ ముక్క ఎందుకు రాయలేదు?

లెక్కల_మాస్టారు:
తిండి గోలలో పడి అసలు ఊరు మర్చిపోయారు నాయనా. 1930లలో ఈ ఊళ్లోనే స్కాటిష్ కెఫే అనే చోట బనాఖ్, ఉలామ్, మజుర్ లాంటి గణిత మహామహులు కూర్చుని పాలరాతి టేబుళ్ల మీద పెన్సిల్‌తో లెక్కలు చేసేవారు. తెల్లారేసరికి తుడిచేస్తున్నారని బనాఖ్ భార్య ఒక లావుపాటి నోటుపుస్తకం కొనిచ్చింది. 1936లో మజుర్ అందులో ఒక సమస్య రాసి, విప్పినవాళ్లకి బతికున్న పెద్దబాతు బహుమతి అన్నాడు. 1972లో స్వీడన్‌కి చెందిన ఎన్‌ఫ్లో విప్పాడు, బాతు అందుకున్నాడు. ముప్పై ఏళ్లు ఫంక్షనల్ అనాలిసిస్ (వాళ్ల గణిత శాఖే) చెప్పినవాణ్ని, ఆ కెఫే బిల్డింగ్ షెవ్చెంకో ప్రాస్పెక్ట్ అనే వీధిలో ఇప్పటికీ ఉంది, చూడకుండా రావద్దు.

ఓరుగల్లు_పోరడు:
మీరు చూసిన్రా సార్?

లెక్కల_మాస్టారు:
వీసా రాలేదు.

గేజ్_రాజు:
క్రాకో నుంచి రైల్లో పోలండ్ సరిహద్దు ఊరు ప్షెమిషిల్ దాకా వచ్చి అక్కడ మారాలి. పోలండ్ పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు, ఉక్రెయిన్‌వి 1520. ఉక్రెయిన్ బండి తన వెడల్పు పట్టాల మీదే ప్షెమిషిల్ దాకా వచ్చి ఆగుతుంది. మన బ్రాడ్ గేజ్ 1676, ఇద్దరికన్నా మనదే పెద్దది. ల్వీవ్ స్టేషన్ 1904 నాటిది, ప్లాట్‌ఫారాల మీద ఇనుము, గాజుతో వంపు కప్పు. అది చూడ్డానికే ఒక గంట పెట్టుకోవాలి.

మార్చి_2022:
ఆ కప్పు కింద నేను పదకొండు గంటలు నిలబడ్డ. యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లోనే వినిత్సియా అనే ఊళ్లో నాలుగో ఏడాది చదువుతున్న, బ్యాగొకటి పట్టుకుని వచ్చినం. ఒక పెద్దావిడ కాగితపు కప్పులో టీ ఇచ్చి, నా చేతులు చూసి తన గ్లవుజులు తీసి తొడిగింది. బూడిదరంగు ఉన్నివి, ఎడమ బొటనవేలికి చిల్లు. ఇప్పటికీ ఉన్నయి. తర్వాత బార్డర్ దాకా సగం బస్సు, సగం నడక. మీరు చెప్పే గోపురం, కెఫే ఏవీ నేను చూడలే.

సీమపిల్ల:
😔 చెల్లీ.

కియివ్_అనండి:
శ్మశానం అడిగారు కాబట్టి చెప్తున్నా. లిచాకివ్ శ్మశానానికి టికెట్ ఉంది, 1786 నుంచీ ఉన్న చోటు, శిల్పాల మ్యూజియం లాంటిది. ఉక్రెయిన్ కవి ఇవాన్ ఫ్రాంకో సమాధి మీద బండ పగలగొడుతున్న మనిషి బొమ్మ ఉంటుంది. కానీ పక్కనే మార్స్ ఫీల్డ్ ఉంది, 2022 నుంచి చనిపోయిన సైనికులది. ఒక్కో సమాధికీ జెండా. గాలేస్తే అన్నీ కలిసి చేసే చప్పుడు దూరం నుంచే వినబడుతుంది. అక్కడ సెల్ఫీలు తీసుకోవద్దు, దయచేసి.
రీనోక్ స్క్వేర్ నాలుగు మూలలా ఫౌంటెన్ల మీద నెప్ట్యూన్, డయానా వగైరా విగ్రహాలుంటాయి. 2022 మార్చిలో వాటిని గుడ్డలు చుట్టి కప్పేశారు. పాత ఊరు 1998 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, 2023లో ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు.

పాత_మెడికో:
ఆపెరా హౌస్ కట్టినాయన కట్టడం కుంగుతోందని ఉరేసుకున్నాడు, తెలుసా? కింద నది పారుతోంది మరి.

లెక్కల_మాస్టారు:
నది నిజం, పోల్త్వా నదిని నేల కిందికి మళ్లించి పైన కట్టారు. ఉరి కట్టుకథ. ఆపెరా తెరిచింది 1900లో, దాన్ని కట్టిన గోర్గొలెవ్‌స్కీ పోయింది 1903లో జబ్బు చేసి.

పాత_మెడికో:
వీసా రానివాళ్లు కూడా చెప్పేవాళ్లే.

సీమపిల్ల:
క్రాకో_కుర్రాడు గారూ, మీ ఆవిడకి ‘పీస్నీ’ అన్న మాట నేర్పండి. చర్చి ఉపవాసాల తిండి, మాంసం, గుడ్డు, పాలు లేకుండా. పీస్నీ బోర్ష్ అడిగితే బీట్‌రూట్ చారు వస్తుంది. వరేనికీ (లోపల కూరిపెట్టి ఉడికించే కజ్జికాయల్లాంటివి) పిండిలో చాలాచోట్ల గుడ్డు కలుపుతారు, ‘బెజ్ యాయెత్స్’ (గుడ్లు లేకుండా) అని అడిగాకే తినమనండి. బానోష్ వద్దు.

ఓరుగల్లు_పోరడు:
గట్క అనండి.

క్రాకో_కుర్రాడు:
మా ఆవిడ మొత్తం చదివి రాగిపిండి పట్టుకెళ్తానంటోంది. అందరికీ థాంక్స్. ఆపెరా టికెట్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గేజ్_రాజు:
టికెట్ అంటే గుర్తొచ్చింది, రాత్రి బండైతే కింది బెర్తే తీసుకోండి. దాని కింద సూట్‌కేస్ పెట్టుకోడానికి పెట్టె ఉంటుంది.