పీహెచ్‌డీ పూర్తికాకుండా నవల రాస్తే తప్పా? బెంగళూరు తెలుగువాళ్లు చెప్పండి

కోరమంగళ అక్క:
మా తమ్ముడు ఇక్కడే ఒక సంస్థలో బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, నాలుగో ఏడు. వాడి తెలుగు నవల ఒక వెబ్ పత్రికలో సీరియల్‌గా వస్తోంది. ఆ సంగతి ల్యాబ్‌లో తెలిసిపోయింది. గైడ్ పిలిచి "ముందు రీసెర్చ్ పేపరు రానీ, కథలు తర్వాత చూసుకుందువు" అన్నారట. అప్పట్నుంచీ వాడు డీలాపడి ఉన్నాడు. ఇంట్లో అమ్మ గైడ్ పక్షం, నేను వాడి పక్షం. సైన్సులో ఉన్నవాడు నవలలు రాస్తే నిజంగా కెరీర్ దెబ్బతింటుందా?

యలహంక రిటైర్డ్:
గైడ్ అన్నదాంట్లో తప్పేముందమ్మా? నేనూ ప్రభుత్వ ల్యాబ్‌లో చేసి రిటైరైనవాణ్నే. పెంచుతున్న కణాలకి ఆదివారం, పండగ ఉండవు, వేళకి వాటి పోషక ద్రవం (మీడియా) మార్చాల్సిందే. నవలా అంతే, రాసేవాడి బుర్రని వదలదు. పోనీ పెద్దవాళ్ల సంగతి చూడండి. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్‌ అంతటివాణ్ని 1992లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యుడిగా తీసుకోకుండా ఓటేసి తిప్పికొట్టారు. జనంలో పేరొస్తే తోటివాళ్ల దగ్గర విలువ పడిపోతుంది. ఆయనకే అలా జరిగితే స్టూడెంటు ఎంత?

జాలహళ్లి క్రాస్:
సార్, సాగన్ మీద కోపం నవల వల్ల కాదు. 1980 నాటి ఆయన 'కాస్మోస్' టీవీ సిరీస్‌తో వచ్చిన పేరు చాలామందికి మింగుడుపడలేదు. నవల వల్ల సైన్సుకి మేలే జరిగింది. సాగన్ తన 'కాంటాక్ట్' నవల రాస్తున్నప్పుడు హీరోయిన్‌ని బ్లాక్ హోల్ గుండా పంపాలనుకుని, అది కుదురుతుందా అని ఫిజిక్స్ శాస్త్రవేత్త కిప్ థోర్న్‌ని అడిగాడు. కుదరదు, వార్మ్‌హోల్ (దూరంగా ఉన్న రెండు చోట్లని కలిపే సొరంగం లాంటి అడ్డదారి) అయితే ఆలోచించొచ్చు అన్నాడు థోర్న్. నవల 1985లో వచ్చింది. ఆ ప్రశ్నే పట్టుకుని థోర్న్, తన స్టూడెంటు మోరిస్‌తో కలిసి 1988లో పేపరే రాశాడు. వార్మ్‌హోల్స్ మీద తర్వాత జరిగిన పనికి అదొక మొదలు.

యలహంక రిటైర్డ్:
అడిగింది సాగన్, లెక్కలు కట్టింది థోర్న్. అంటే నవల రాసినవాడు నవల రాశాడు, ఫిజిక్స్ చేసినవాడు ఫిజిక్స్ చేశాడు. మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది బాబూ.

జాలహళ్లి క్రాస్:
భలే పట్టుకున్నారు సార్! అయితే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్‌ని ఏం చేస్తారు? నక్షత్రాల్లో మూలకాలు ఎలా తయారవుతాయో చెప్పిన ప్రసిద్ధమైన పేపరు 1957లో వచ్చింది, దాన్ని రాసిన నలుగురిలో ఆయనొకడు. ఆయన మొదటి నవల వచ్చిందీ అదే ఏడు. రెండూ ఒక్క బుర్రలోంచే వచ్చాయి కదా.

యలహంక రిటైర్డ్:
ఆ పనికి 1983లో నోబెల్ వచ్చింది ఆ నలుగురిలో ఒకడైన ఫౌలర్‌కి. హోయల్‌కి రాలేదు.

జాలహళ్లి క్రాస్:
దానికి నవలలు కారణమని ఎవరూ అనగా నేను వినలేదు. 1974లో పల్సార్లనే నక్షత్రాల్ని కనిపెట్టినందుకు నోబెల్ ఇచ్చినప్పుడు, వాటిని మొదట గమనించిన జోసెలిన్ బెల్‌ని పక్కనపెట్టారని ఆయన బాహాటంగా విమర్శించాడు, అందుకే ఈయన్నీ పక్కనపెట్టారని అనేవాళ్లున్నారు. పోనీ మా జాలహళ్లి మాట చెప్తాను. తమిళంలో సుజాత నవలలు చదవనివాళ్లు తక్కువ. ఆయన అసలు పేరు రంగరాజన్, ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్)లో ఇంజినీరు, ఓటింగ్ మెషీన్ తయారీలో ముఖ్యుడు. సైంటిస్టు కాదంటారేమో, సరే.

బసవనగుడి మేష్టారు:
హోయల్ శిష్యుడు, మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మాటేమిటి? 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి కథ పంపుతూ పేరు మార్చుకున్నాడు. సైంటిస్టులకి కథలంటే నామోషీ అనేగా!

జాలహళ్లి క్రాస్:
నామోషీ కాదు మేష్టారూ. తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని మార్చాడు. చేతిరాత కూడా గుర్తుపట్టకుండా భార్యతో రాయించి పంపాడు. ప్రైజొచ్చింది. తర్వాత సొంత పేరుతోనే నవలలు రాశాడు, పుణేలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం కూడా స్థాపించాడు.

యలహంక రిటైర్డ్:
1965కే పద్మభూషణ్ అందుకున్న మనిషి ఆయన. కన్నడంలో బీజీఎల్ స్వామినీ చెప్పుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బోటనీ ప్రొఫెసర్, మొక్కల మీద రాసిన పుస్తకానికి 1978లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎంత హాస్యంగా రాస్తాడో! కానీ ఇద్దరూ ఉద్యోగంలో పాతుకుపోయాకే రాశారు. నేనంటున్నది కూడా అదే. రాయొద్దనడం లేదు, ఇప్పుడొద్దంటున్నాను.

మల్లేశ్వరం పీజీ:
నేనూ పీహెచ్‌డీలోనే ఉన్నానక్కా. మా సీనియర్ ఒకాయన వారం వారం తెల్లారకముందే లేచి ఇక్కడి నంది హిల్స్‌కి సైకిల్ మీద వెళ్తాడు. మధ్యాహ్నందాకా ల్యాబ్ మొహం చూడడు. ఆయన్ని అందరూ ఫిట్‌నెస్ అని మెచ్చుకుంటారు. ఒకమ్మాయి ట్రెక్కింగ్‌కి పోతుంది, అదీ ఓకే. నవల అనేసరికి మాత్రం "మనసు పనిమీద లేదు" అంటారు. టైమే సమస్యయితే సైకిల్‌నీ అడగాలి కదా? అసలు టెన్షన్ వేరే. సైకిల్ తొక్కితే ల్యాబ్ గుట్టు బయటపడదు. నవలలో తామెక్కడ కనిపిస్తామోనని భయం. ఇంతకీ తమ్ముడి నవలలో గైడ్ ఉన్నాడా?

కోరమంగళ అక్క:
ఉన్నాడు. విలన్ కాదులే, కాస్త జోకర్‌లా ఉంటాడు. ప్రతి మీటింగ్‌లో నిద్రపోతాడు.

యలహంక రిటైర్డ్:
అదీ అసలు సంగతి! ఇది ముందే చెప్పొద్దూ? అమ్మా, డిగ్రీ చేతికొచ్చేదాకా ఆ పాత్రని ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ చేయించండి.

జాలహళ్లి క్రాస్:
తీసేస్తే నవలలో ఇంకేం మిగుల్తుంది సార్? తెలుగులో మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్లు సైన్సుని జనానికి అర్థమయ్యేలా రాశారు, వాళ్లకి దండం పెట్టాలి. కానీ ల్యాబ్‌లో బతికే మనుషుల మీద నవలలు మనకెన్ని ఉన్నాయి? ఫ్రీజర్ పాడైన రాత్రి, పేపరు తిరిగొచ్చిన రోజు, ఆరో ఏట ఫెలోషిప్ డబ్బుల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం... ఇవన్నీ లోపలివాడు రాస్తేనే పండుతాయి. జోకర్‌ని మాత్రం ఒప్పుకోను. నిద్రపోయే గైడ్ పాతబడ్డ జోకు. ఆయన ఎందుకు అలిసిపోయాడో రాస్తే, చదివిన గైడ్‌కి కూడా కోపం రాదు.

బసవనగుడి మేష్టారు:
రూల్ ప్రకారం అడ్డేమీ లేదు. కేంద్ర ఉద్యోగుల 1964 నియమావళిలోనే అప్పుడప్పుడూ చేసే సాహిత్య రచనకి ముందస్తు పర్మిషన్ అక్కర్లేదని ఉంది, డ్యూటీకి ఇబ్బంది రాకుండా ఉంటే చాలు. ఉద్యోగులకే అంత వెసులుబాటు ఉంటే స్టూడెంటుకి ఎందుకుండదు?

యలహంక రిటైర్డ్:
రికమండేషన్ లెటరు రూల్ రాయదు మేష్టారూ, గైడ్ రాస్తాడు.

మల్లేశ్వరం పీజీ:
అది మాత్రం నిజం. అక్కా, లింకు పెట్టండి, ఆ నిద్రపోయే సీను చదవాలి.

కోరమంగళ అక్క:
లింకు ఇప్పుడే వద్దమ్మా. శుక్రవారం వాడికి గైడ్‌తో మీటింగుంది, ఆదివారం కొత్త భాగం పంపాలి. మీరన్నవన్నీ చదివి వినిపించాను. "ఆయన ఎందుకు అలిసిపోయాడో నాకేం తెలుసు, అడగాలి" అంటున్నాడు. అడక్కురా బాబూ అంటోంది అమ్మ.