మట్‌లో ఫోల్డర్ పక్కన అంకె ఉండాలా, అక్కర్లేదా?

గవర్నర్‌పేట ఆడిటర్:
ఆఫీసులో పాత లినక్స్ మెషిన్ మీద మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడతాను. ఎడమ పక్క సైడ్‌బార్‌లో పద్నాలుగు ఫోల్డర్లు: జీఎస్టీ, టీడీఎస్, బ్యాంకులు, మిగతావి క్లయింట్ల పేర్లు. అన్నీ మెషిన్‌లోనే ఉన్న ఎంబాక్స్ ఫైళ్లు. సైడ్‌బార్‌లో ఏం కనపడాలో చెప్పే ఫార్మాట్ సెట్టింగ్‌లో మొత్తం ఉత్తరాల సంఖ్యకి పెద్ద ఎస్, చదవనివాటికి పెద్ద ఎన్ పెట్టాను. అయినా నేను తెరిచిన ఫోల్డర్‌కే అంకె సరిగ్గా వస్తోంది. నిన్న టీడీఎస్ పక్కన ఖాళీగా ఉందని టీకి వెళ్లాను. తిరిగొచ్చి తెరిస్తే తొమ్మిదున్నాయి. ఎన్ని ఉత్తరాలున్నాయో చెప్పలేని మెయిల్ ప్రోగ్రామ్ ఏం ప్రోగ్రామండీ?

బ్రాడీపేట 4/7:
ముందు మందు చెప్తాను, తర్వాత గొడవ పడదాం. మెయిల్ చెక్ స్టాట్స్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే 60 సెకన్లకోసారి లెక్క చూస్తుంది.

ఆఫ్‌లో ఉంచడమే నా దృష్టిలో న్యాయం. ఎంబాక్స్ అంటే ఉత్తరాలన్నీ ఒకే ఫైల్లో బారుగా కుట్టేసిన దస్తా. కొత్తది వచ్చిందా అంటే ఫైల్ చివరిసారి మారిన టైమూ, చదివిన టైమూ పోల్చి చెప్పేయొచ్చు. ఎన్ని ఉన్నాయంటే మాత్రం మొదటి నుంచి జల్లెడ పట్టాల్సిందే. మెయిల్‌డిర్ అయితే ఉత్తరానికో ఫైలు. చదివినదానికి ఫైలు పేరు చివరే ఎస్ అని ఉంటుంది, తెరవక్కర్లేకుండా పేర్లు చూసి లెక్కేయొచ్చు. ఉత్తరాలు సర్వర్ మీదే ఉండే ఐమ్యాప్‌లో ఫోల్డర్‌కో స్టేటస్ కమాండ్ పంపాలి. దానికి జవాబు త్వరగా వస్తుందన్న గ్యారంటీ లేదని ఐమ్యాప్ ప్రమాణ పత్రం, 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3501లోనే రాశారు. నేను విజయవాడ రైల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ముప్పై ఫోల్డర్లు లెక్క పెట్టించి చూశాను. కృష్ణా కెనాల్ దాటేదాకా స్క్రీన్ కదల్లేదు.

పటమట పాతకాపు:
నేను ఆల్పైన్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ మనిషిని. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల పైన్‌కి వారసుడు, 2007లో వచ్చింది. అందులోనూ ఇన్‌కమింగ్ ఫోల్డర్ల లెక్క మనం అడిగితేనే చూపిస్తుంది, మొత్తం కావాలంటే ఇంకో గడిలో టిక్ పెట్టాలి. చదవనివి ఎన్నో చెప్తే చాలదా? దుర్గమ్మ గుడి క్యూలో మన ముందు ఎంతమంది ఉన్నారో కావాలి గానీ, పొద్దుట్నుంచి ఎంతమందికి దర్శనం అయిందో మనకెందుకు?

కొత్తపేట నైట్‌డ్యూటీ:
నాకు అసలు ఏ అంకే వద్దు. సర్వర్ అలర్టుల ఫోల్డర్ పక్కన 4,300 చూస్తే ఊరికే టెన్షన్. అది 4,400 అయినా నేను చేసేదేం లేదు. సైడ్‌బార్ న్యూ మెయిల్ ఓన్లీ అనే సెట్టింగ్ పెట్టుకున్నాను. కొత్తది వచ్చిన ఫోల్డర్ ఒక్కటే పైకి తేలుతుంది, మిగతావి కనపడవు.

గవర్నర్‌పేట ఆడిటర్:
పాతకాపు గారూ, క్యూ ఉపమానం బాగుంది గానీ మా పనికి మొత్తమే కావాలి. ఒక మిర్చి వ్యాపారి బ్యాంకు స్టేట్‌మెంట్లు నెలకో మెయిల్ చొప్పున పంపుతాడు. ఆయన ఫోల్డర్లో 12 కనిపిస్తే పని మొదలుపెడతాను, 11 ఉంటే ఫోన్ చేస్తాను. చదివానా లేదా అన్నది తర్వాత.

బ్రాడీపేట 4/7:
ఒకే నెలది రెండుసార్లు పంపితే?

గవర్నర్‌పేట ఆడిటర్:
అదీ అయింది లెండి. ఆగస్టు రెండు, సెప్టెంబరు సున్నా.

మీరు చెప్పింది ఆన్ చేశాను. క్లయింట్ల అంకెలు వెంటనే వచ్చాయి. జీఎస్టీ ఒక్కటే చంపుతోంది. పీడీఎఫ్‌లతో ఒకటిన్నర జీబీ అయింది, అందులో కొత్త మెయిల్ పడ్డప్పుడల్లా కర్సర్ బిగుసుకుపోతోంది.

బ్రాడీపేట 4/7:
అనుకున్నదే. ఎంబాక్స్ మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పాత సంవత్సరాలవి వేరే ఫైల్లోకి తోసేయండి, ఉన్నది మెయిల్‌డిర్‌లోకి మార్చండి. అంత ఓపిక లేకపోతే మట్ సెట్టింగుల ఫైల్లో ఫోల్డర్ల పేర్లిచ్చే మెయిల్‌బాక్సెస్ లైన్లో ఆ ఒక్క ఫోల్డర్‌కి నోపోల్ తగిలించండి. పేరు సైడ్‌బార్‌లో ఉంటుంది, దాన్ని మట్ తడిమి చూడదు. మీ వ్యాపారి అంకె మీకుంటుంది, నా మాటా నెగ్గినట్టే.

గవర్నర్‌పేట ఆడిటర్:
ఈ రాత్రికి నోపోల్. మెయిల్‌డిర్ సంగతి ఆదివారం చూస్తాను.

పటమట పాతకాపు:
జీఎస్టీకే నోపోల్ పెడుతున్నారు, 20వ తేదీ రిటర్న్ గడువు గుర్తుంచుకోండి మాస్టారూ.